కౌంటీ కొత్త ఆఫీసు భవనం కడతానంటోందా? అవసరం, అప్పు, పన్ను లెక్క ఎలా చూడాలి

టెక్సస్‌లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఎన్నికల ముందు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "కౌంటీ కొత్త బిల్డింగ్ కడుతుందట, బాండ్ పెట్టారట. మన ప్రాపర్టీ టాక్స్ ఎంత పెరుగుతుంది?" (బాండ్ అంటే కౌంటీ మార్కెట్లో అమ్మి తెచ్చుకునే అప్పు.) కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో మన జనం పెరిగాక దీనికి రెండో ప్రశ్న తోడైంది: "సిటిజన్స్ బాండ్ కమిటీలో కూర్చోమన్నారు. అక్కడ ఏం చూడాలి, ఏం అడగాలి?"

రెండు ప్రశ్నలకీ చేయాల్సిన పని దాదాపు ఒకటే. కింద అడుగులవారీగా రాశాను. నియమాలు టెక్సస్‌వి. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకి తేడా వచ్చే చోట కొంత చెప్పాను.

ముందుగా ఒక్క మాట. పేపర్లో వచ్చే అంకె చాలాసార్లు కట్టడం ఖర్చే. మీరు తేల్చుకోవాల్సింది అది కాదు. ఆ భవనాన్ని కట్టి, వడ్డీతో సహా అప్పు తీర్చి, పాతిక ముప్పై ఏళ్లు నడపడానికి అయ్యే ఖర్చు తేల్చాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కౌంటీ గత మూడేళ్ల బడ్జెట్, ఆడిట్ అయిన వార్షిక ఆర్థిక నివేదిక
- ఇప్పటికే ఉన్న అప్పుల జాబితా, ఏ ఏడాది ఎంత కట్టాలో చూపే పట్టిక
- ఈ ఏడాది టాక్స్ రేటు లెక్కల షీట్
- స్పేస్ నీడ్స్ స్టడీ (ఏ శాఖకి ఎన్ని చదరపు అడుగులు కావాలో చెప్పే నివేదిక)
- పాత భవనం పరిస్థితి మీద ఇంజనీర్ల రిపోర్టు
- మీ ఇంటి అప్రైజల్ నోటీసు
- ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్

మొదటి మూడూ చాలా కౌంటీల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. అప్పుల వివరాలు టెక్సస్ బాండ్ రివ్యూ బోర్డు సైట్‌లోనూ ఉంటాయి. దొరకనివి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఒక ఈమెయిల్ పెట్టి అడగొచ్చు. దీనికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. "భవనానికి సంబంధించిన అన్ని కాగితాలూ" అని అడిగితే పని సాగదు. రిపోర్టు పేరు, ఏ ఏడాదిదో రాసి అడగండి.

1. అవసరం నిజమేనా చూడండి

ఇక్కడ తొందరపడకండి. మిగతా అడుగులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

స్పేస్ స్టడీలో సాధారణంగా జనాభా పెరుగుదలని తీసుకుని, అదే నిష్పత్తిలో ఉద్యోగులని పెంచి, ఒక్కొక్కరికి ఇన్ని అడుగులని గుణించేస్తారు. మీరు శాఖలవారీగా విడదీసి అడగండి. బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చాలామంది ఆన్‌లైన్‌లోనే చేసుకుంటున్నారు. మరి టాక్స్ ఆఫీసు కౌంటర్లు ఇంకా పెరగాలా? కౌంటీ క్లర్క్ దగ్గర పాత దస్తావేజులన్నీ స్కాన్ అయిపోతే, రికార్డు గదులకి అంత చోటు ఎందుకు?

కోర్టుల విషయం వేరు. జడ్జీలు, సిబ్బంది ఒక దారిలో, కస్టడీలో ఉన్న నిందితులు ఒక దారిలో, సామాన్య జనం ఇంకో దారిలో తిరగాలన్నది కోర్టు భవనాల ప్లానింగ్‌లో మొదటి సూత్రం. పాత భవనాల్లో చాలాచోట్ల ఇది కుదరదు. సంకెళ్లు వేసిన మనిషిని డిప్యూటీలు నడిపించుకొస్తుంటే అదే కారిడార్‌లో బెంచీ మీద జ్యూరీకి వచ్చినవాళ్లు, వాళ్ల పక్కనే సాక్షి, ఎదురుగా బాధితుల కుటుంబం. ఒక్క పూట వెళ్లి కూర్చుంటే చాలు, ఏ రిపోర్టూ చెప్పనంత అర్థమవుతుంది. కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి, వెళ్లి చూడండి.

హెచ్చరిక: ఒకే ప్యాకేజీలో కోర్టు గదులు, ఆఫీసులు, పార్కింగ్ గరాజ్ కలిపేస్తే, నిజంగా కావాల్సిన దాని నీడలో అక్కర్లేనివి కూడా దాటిపోతాయి. దేని ఖర్చు దానికి విడిగా చూపించమనండి.

2. కట్టకుండా పని జరుగుతుందేమో చూడండి

మూడు దారులుంటాయి: పాతదాన్ని బాగుచేయడం, అద్దెకి తీసుకోవడం, ఉన్నదాన్ని కొనడం.

కోవిడ్ తర్వాత ఆఫీసు భవనాల ధరలు చాలా నగరాల్లో పడిపోయాయి. లాస్ ఏంజెలస్ కౌంటీ 2024లో డౌన్‌టౌన్‌లోని గ్యాస్ కంపెనీ టవర్‌ని సుమారు 200 మిలియన్ డాలర్లకి కొన్నది. అదే 52 అంతస్తుల భవనానికి 2020లో 600 మిలియన్లకి పైగా విలువ కట్టారు. చవకగా వచ్చిందని అక్కడితో ఆగిపోకూడదు. భూకంపాలకి తట్టుకునేలా బలపరచడానికి ఇంకెంత అవుతుందన్న చర్చ అక్కడ గట్టిగానే నడిచింది. కొనే ధరకి మరమ్మతు ఖర్చు కలిపాకే కొత్త భవనంతో పోల్చాలి.

టెక్సస్‌లో పాత కోర్టు భవనం ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. చారిత్రక విలువున్న కోర్టు భవనాన్ని కూల్చాలన్నా, అమ్మాలన్నా, రూపు మార్చాలన్నా కౌంటీ ఆరు నెలల ముందు టెక్సస్ హిస్టారికల్ కమిషన్‌కి నోటీసివ్వాలి. ఈ ఆరు నెలలని షెడ్యూల్‌లో వేసుకోకుండా ముహూర్తం పెట్టుకుంటే చివర్లో టెన్షనే. అలాంటి భవనాలని బాగుచేయడానికి ఆ కమిషన్ దగ్గరే గ్రాంట్లు కూడా ఉన్నాయి. డెంటన్‌లో 1896లో కట్టిన పాత కోర్టుని ఉంచుకుని అందులో మ్యూజియం నడుపుతున్నారు. పనులు కొత్త చోటికి మారినా ఊరి నడిబొడ్డున ఉన్న భవనం పోనక్కర్లేదు.

3. పూర్తి ఖర్చు తేల్చండి

లక్ష చదరపు అడుగుల భవనం, అడుగుకి 420 డాలర్లు అనుకుందాం. ఇవి లెక్క చూపడానికి వేసుకున్న అంకెలు, మీ కౌంటీవి మీరు వేసుకోండి.

- కట్టడం: 42 మిలియన్లు
- ఆర్కిటెక్ట్, ఇంజనీర్లు, మట్టి పరీక్షలు, ప్రాజెక్టు మేనేజర్ (15 శాతం): 6.3 మిలియన్లు
- ఫర్నిచర్, నెట్‌వర్క్, కెమెరాలు, సెక్యూరిటీ (8 శాతం): 3.4 మిలియన్లు
- అనుకోని ఖర్చులకి (10 శాతం): 4.2 మిలియన్లు
- పని మొదలయ్యేలోపు రెండేళ్లలో ధరల పెరుగుదల (ఏడాదికి 4 శాతం): 3.4 మిలియన్లు
- బాండ్లు అమ్మే ఖర్చు: 0.7 మిలియన్లు

మొత్తం 60 మిలియన్లు. పేపర్లో 42 అని వచ్చేది ఇక్కడ 60 అయింది. ఎవరూ మోసం చేయలేదు, మొదటి వరుస ఒక్కటే బయటికి చెప్పారు. స్థలం కొనాల్సి వస్తే, రోడ్డు వెడల్పు చేయాల్సి వస్తే అది దీనికి అదనం.

అనుకోని ఖర్చుల వరుసని తగ్గించి మొత్తం చిన్నదిగా చూపించాలని ఎవరో ఒకరు తప్పకుండా ప్రయత్నిస్తారు. డిజైన్ ఇంకా కాగితం మీదే ఉన్న దశలో దానికి ఒప్పుకోకండి. డ్రాయింగులు పూర్తయ్యాక తగ్గించుకోవచ్చు.

4. డబ్బు ఎక్కడినుంచి తేవాలో ఎంచుకోండి

*దాచిన డబ్బు.* వడ్డీ ఉండదు కాబట్టి అన్నిటికంటే చవక. కానీ రిజర్వు మరీ తగ్గితే కౌంటీ క్రెడిట్ రేటింగ్ దెబ్బతింటుంది. కొంత నగదు, కొంత అప్పు కలపడం చాలాచోట్ల మంచి దారి.

*ఓటర్ల ఆమోదంతో బాండ్లు.* ఇదే రాజమార్గం. నా ఓటు కూడా దీనికే. 2023 నవంబర్‌లో కాలిన్ కౌంటీ మొత్తం సుమారు 683 మిలియన్ డాలర్లని కోర్టులు, పార్కులు, రోడ్లు అంటూ వేర్వేరు ప్రపోజిషన్లుగా (బ్యాలట్ మీద విడివిడి ప్రశ్నలుగా) ఓటర్ల ముందు పెట్టింది. అలా విడదీసి అడగడం వల్ల రోడ్లు కావాలి, భవనం వద్దు అనుకునేవాళ్లకి ఆ మాట చెప్పే వీలుంటుంది.

*సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్.* ఓటింగ్ లేకుండా కమిషనర్స్ కోర్టు, అంటే కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కూర్చునే పాలకమండలి, తీర్మానం చేసి తీసుకునే అప్పు. తీర్చేది మాత్రం అదే ప్రాపర్టీ టాక్స్‌తో. కనీసం 45 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆలోపు రిజిస్టర్డ్ ఓటర్లలో 5 శాతం మంది సంతకాలతో పిటిషన్ వేస్తే ఎన్నిక పెట్టక తప్పదు. నోటీసు లోకల్ పేపర్ వెనక పేజీల్లో, కౌంటీ వెబ్‌సైట్‌లో ఓ మూల ఉంటుంది. దాని కోసం మీరే చూస్తుండాలి.

*ప్రైవేటు భాగస్వామ్యం లేదా లీజు.* డెవలపర్ కట్టి ఇస్తాడు, కౌంటీ ఏళ్ల తరబడి కడుతుంది. మయామీ-డేడ్‌లో 2014లో కోర్టు బాండ్లని ఓటర్లు తిప్పికొట్టాక కౌంటీ ఈ దారే పట్టింది. ఇందులో నిర్వహణ బాధ్యత కూడా కంపెనీదే కావడం మంచిది. అయితే ప్రైవేటు పెట్టుబడికి ఇవ్వాల్సిన రాబడి కౌంటీ బాండ్ల వడ్డీ కంటే ఎక్కువే ఉంటుంది. "ఇది అప్పు కాదు" అని ఎవరైనా అంటే ఏటా కట్టాల్సిన మొత్తం అడగండి, చాలు.

*వేరే రాష్ట్రాల్లో:* జార్జియాలో స్ప్లాస్ట్ పేరుతో ఓటర్లు ఒప్పుకుంటే కొన్నేళ్లపాటు ఒక శాతం సేల్స్ టాక్స్ వేస్తారు. మనవాళ్లు బాగా ఉండే ఫోర్సైత్ కౌంటీలో కొత్త కోర్టు, జైలు ఈ డబ్బుతోనే వచ్చాయి. కాలిఫోర్నియాలో కౌంటీ బాండ్లకి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి కాబట్టి ఓటు అవసరం లేని లీజు రెవెన్యూ బాండ్ల (భవనానికి కట్టే లీజు డబ్బుతో తీర్చే అప్పు) వాడకం ఎక్కువ. 20,000 లోపు జనాభా ఉన్న గ్రామీణ ప్రాంతాలకి ఫెడరల్ వ్యవసాయ శాఖ కమ్యూనిటీ ఫెసిలిటీస్ పథకం కింద 40 ఏళ్ల వరకు అప్పిస్తుంది.

5. మీ ఇంటి మీద ఎంత పడుతుందో లెక్కేయండి

60 మిలియన్లు, 4 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఎక్సెల్‌లో పీఎంటీ ఫంక్షన్ వాడితే ఏటా కట్టాల్సింది 4.41 మిలియన్లు వస్తుంది. 20 ఏళ్లలో మొత్తం 88.3 మిలియన్లు, అందులో వడ్డీ 28.3.

కౌంటీలో పన్ను వేయదగిన ఆస్తి మొత్తం విలువ 20 బిలియన్లనుకోండి. 4.41 మిలియన్లని దానితో భాగించి 100తో గుణిస్తే, ప్రతి 100 డాలర్ల విలువకి 2.2 సెంట్లు. మీ ఇంటి టాక్సబుల్ విలువ (మినహాయింపులు పోగా పన్ను పడే విలువ) 4 లక్షల డాలర్లైతే ఏడాదికి దాదాపు 88 డాలర్లు.

అదే అప్పుని 30 ఏళ్లకి పెడితే మీ మీద పడేది 69 డాలర్లకి తగ్గుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ మొత్తం 104 మిలియన్లకి చేరుతుంది. ఏడాదికి 19 డాలర్లు మిగిలినందుకు కౌంటీ మొత్తం కలిసి దాదాపు 16 మిలియన్లు ఎక్కువ వడ్డీ కడుతుంది. పైగా రూఫ్, ఏసీ లాంటివి అప్పు తీరకముందే మార్చాల్సి వస్తుంది. అందుకే భవనాలకి 20 లేదా 25 ఏళ్లు దాటొద్దని నేను గట్టిగా చెబుతాను. పదేళ్ల తర్వాత ముందుగానే తీర్చేసుకునే వీలు ఉందో లేదో కూడా అడగండి. వడ్డీ రేట్లు తగ్గితే అది చాలా పనికొస్తుంది.

మీ లెక్క సరిచూసుకోవడానికి: బాండ్ ఎన్నిక పెట్టేటప్పుడు కౌంటీ ఓటర్ల కోసం ఒక సమాచార పత్రం ఇవ్వాలి. అసలు, అంచనా వడ్డీ, ఇప్పటికే ఉన్న అప్పు, లక్ష డాలర్ల హోమ్‌స్టెడ్ (యజమాని తానే ఉంటున్న ఇల్లు) మీద ఏడాదికి గరిష్ఠంగా పెరిగే పన్ను అందులో ఉంటాయి. ఆ చివరి అంకెని మీ ఇంటికి తగ్గట్టు గుణించండి. మీ లెక్కకి దానికి పెద్ద తేడా వస్తే, వాళ్లు ఏ వడ్డీ రేటు, ఆస్తి విలువలు ఏటా ఎంత పెరుగుతాయని వేసుకున్నారో అడగండి. తేడా ఎక్కువగా ఆ రెండిటిలోనే ఉంటుంది.

6. నడిపే ఖర్చు అడగండి

దీన్ని దాదాపు ఎవరూ అడగరు. కౌంటీని ఇరుకున పెట్టేది మాత్రం ఇదే.

టాక్స్ రేటులో రెండు భాగాలుంటాయి: రోజువారీ ఖర్చుకి ఎం అండ్ ఓ, అప్పు తీర్చడానికి ఐ అండ్ ఎస్. ఎం అండ్ ఓ ఆదాయం పాత ఆస్తుల మీద ఏడాదికి 3.5 శాతం మించి పెరగాలంటే ఓటర్లని అడగాలి. అప్పు భాగానికి ఆ పరిమితి లేదు. అంటే భవనం కట్టడానికి అప్పు దొరకడం సులువు, అందులో కరెంటు బిల్లు, క్లీనింగ్, లిఫ్టుల మెయింటెనెన్స్, తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డుల జీతాలు కట్టడం కష్టం. బాండు డబ్బుతో ఇవేవీ కట్టడానికి లేదు. కొత్త భవనం మొదలైన మొదటి ఐదేళ్లకి నిర్వహణ బడ్జెట్ రాతపూర్వకంగా ఇవ్వమనండి. లేదంటే ఆ డబ్బు షెరీఫ్ డిప్యూటీల జీతాల్లోంచో, రోడ్ల మరమ్మతుల్లోంచో కోసుకోవాల్సి వస్తుంది.

7. సమయానికి మాట్లాడండి

కౌంటీ బాండ్ ఎన్నికలు బేసి సంఖ్య ఏడాదైతే మే నెల మొదటి శనివారం, లేదా ఏ ఏడాదైనా నవంబర్ ఎన్నికల రోజున జరుగుతాయి. ఎన్నికకి కనీసం 78 రోజుల ముందే కౌంటీ ఆర్డరు ఇవ్వాలి. అంటే నవంబర్ ఓటింగ్ మీద నిర్ణయం ఆగస్టులోనే అయిపోతుంది. భవనం సైజు, స్థలం, మొత్తం మీద మీ మాట పనిచేసేది అంతకుముందే. బ్యాలట్ మీద ఉండేది అవును, కాదు మాత్రమే.

ఇంకా పౌరసత్వం రాని వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు మీద ఉన్నా మీరు ఓటు వేయలేరు, ఓటర్ల పిటిషన్ మీద సంతకం కూడా పెట్టొద్దు. కానీ పన్ను కట్టేది మీరూనూ. కమిషనర్స్ కోర్టు సమావేశంలో అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడాలనుకునే ఎవరికైనా అవకాశం ఇవ్వాలని టెక్సస్ చట్టం చెబుతోంది. వెళ్లి పేరు రాయించుకుని, ఒకే ఒక్క ప్రశ్న, అంకెతో సహా అడగండి. "పన్నులు పెంచొద్దు" అంటే విని ఊరుకుంటారు. "30 ఏళ్లు ఎందుకు, 20 ఏళ్లకైతే ఎంత?" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

కమిటీలో ఉన్నవాళ్లకి హెచ్చరిక: బాండ్‌కి ఓటు వేయండనో, వేయొద్దనో ప్రచారం చేయడానికి ప్రభుత్వ డబ్బు, కౌంటీ ఈమెయిల్, కౌంటీ ప్రింటర్ వాడకూడదు. సమాచారం ఇవ్వొచ్చు, అంతే.

8. కట్టేటప్పుడు ఓ కన్నేసి ఉంచండి

చవకగా చేసే ఆర్కిటెక్ట్‌ని పెట్టుకోలేదేమని గొడవపడకండి. టెక్సస్‌లో ముందు అర్హత చూసి ఎంచుకుని, తర్వాతే ఫీజు మాట్లాడుకోవాలని చట్టం. కాంట్రాక్టర్ విషయంలో గరిష్ఠ ధరకి హామీ ఇచ్చే పద్ధతి ఉందా, పర్ఫార్మెన్స్ బాండ్ (పని పూర్తిచేస్తామన్న హామీ), పేమెంట్ బాండ్ (కూలీలకి, సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు కడతామన్న హామీ) తీసుకున్నారా చూడండి. పని మధ్యలో వచ్చే మార్పుల వల్ల కాంట్రాక్టు అసలు ధర 25 శాతానికి మించి పెరగకూడదు, కొద్ది మినహాయింపులున్నాయి. ప్రతి ఛేంజ్ ఆర్డరూ కమిషనర్స్ కోర్టు అజెండాల్లో వెతకండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

*మార్కెట్ విలువతో లెక్క వేయడం.* అప్రైజల్ నోటీసులో మినహాయింపులు పోగా మిగిలిన టాక్సబుల్ విలువే తీసుకోండి. అది కూడా కౌంటీ వరుసలోది. స్కూల్ డిస్ట్రిక్ట్ వరుసలో అంకె వేరుగా ఉంటుంది.

*"టాక్స్ రేటు పెరగదు" అనగానే బిల్లు పెరగదనుకోవడం.* పాత అప్పు తీరిపోతున్న చోట కొత్త అప్పు కూర్చుంటే రేటు అలాగే ఉంటుంది నిజమే. కానీ బాండ్ లేకపోతే ఆ రేటు తగ్గేది. పైగా అదే రేటు మీద ఇంటి విలువ పెరిగితే బిల్లూ పెరుగుతుంది.

*బాండ్ పాసైతే మొత్తం అప్పు ఒకేసారి తెచ్చేస్తారనుకోవడం.* అవసరాన్ని బట్టి విడతలుగా అమ్ముతారు, అలాగే చేయాలి కూడా. పన్ను మినహాయింపు ఉన్న బాండ్ల డబ్బులో 85 శాతం మూడేళ్లలో ఖర్చవుతుందన్న సహేతుకమైన అంచనా ఉండాలని ఫెడరల్ నియమం. డిజైన్ కాకముందే అంతా అమ్మేస్తే చిక్కు, వడ్డీ కూడా దండగ.

*ఓటర్లు కాదంటే భవనం ఆగిపోతుందనుకోవడం.* ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీలో 2015లో 287 మిలియన్ల సివిల్ కోర్టు బాండ్‌ని స్వల్ప తేడాతో తిరస్కరించారు. కోర్టు అవసరం అలాగే ఉండిపోయింది. తర్వాత కౌంటీ వేరే స్థలంలో, వేరే పద్ధతిలో భవనం కట్టుకుంది, ఖర్చు కూడా మొదట అడిగినదాని కంటే పెరిగింది. కాదనేముందు దాని బదులు ఏం చేయాలో కూడా చెప్పగలగాలి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

బాండ్లు అమ్మాక, ప్రభుత్వ బాండ్ల కాగితాలు పెట్టే ఎమ్మా (EMMA) అనే వెబ్‌సైట్‌లో కౌంటీ పేరు కొట్టండి. అఫీషియల్ స్టేట్‌మెంట్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నిజంగా వచ్చిన వడ్డీ రేటు, వాయిదాల పట్టిక చూసి మీ ఐదో అడుగు లెక్క పక్కన పెట్టండి. ఆ తర్వాత వచ్చే టాక్స్ బిల్లులో ఐ అండ్ ఎస్ రేటు ఎంత మారిందో చూడండి.

భవనం తెరిచిన ఏడాదికి మూడు అంకెలు అడగండి: చివరికి అయిన మొత్తం ఖర్చు, ఛేంజ్ ఆర్డర్ల మొత్తం, మొదటి ఏడాది నిర్వహణ ఖర్చు. పాత భవనాలకి కడుతున్న అద్దెలు నిజంగా ఆగాయో లేదో కూడా చూడండి. కొత్తది వచ్చాక ఖాళీ చేస్తామన్న అద్దె ఆఫీసులు రెండు మూడేళ్లు అలాగే నడుస్తుంటాయి, బడ్జెట్‌లో ఆ వరుస వెతికితే తెలిసిపోతుంది.

డబ్బు మిగిలితే అది ఓటర్లు ఆమోదించిన పనికో, ఆ అప్పు తీర్చడానికో మాత్రమే వాడాలి. మిగిలిందెంత, ఏ ఖాతాలో ఉందన్నది వార్షిక ఆర్థిక నివేదికలో కాపిటల్ ప్రాజెక్ట్స్ ఫండ్ కింద ఉంటుంది.